రేపల్లెలో ఉప్పు టీ

రూఢిగా తెలిసినదేమిటో, వినికిడి ఏమిటో ముందే విడగొట్టి చెప్పడం పాఠకులకు నేనివ్వవలసిన మర్యాద. రేపల్లెలో సుగుణ అనే స్త్రీ ఉంది. పుట్టుకతో వచ్చిన మెదడు పక్షవాతం వల్ల ఆమె నడవలేదు. చేతులు ఆమె మాట సగమే వింటాయి, మాట చాలా నిదానంగా వస్తుంది. రక్తసంబంధీకులెవరూ లేని ఇంట్లో అద్దెకు ఉంటుంది. ఇవి నిజాలు. ఒకరితో ఒకరికి పరిచయం లేని ఇద్దరు మనుషులు నాకు ఒకే విధంగా చెప్పారు, పైగా నేను ఆమెతో ఫోన్‌లో రెండు మాటలు మాట్లాడాను.

మిగిలినదంతా వినికిడి. ఆమె ఎవరి సాయమూ లేకుండా బతుకుతుందట. సూర్యలంక దగ్గర సముద్రంలో స్నానం చేసిందట. మరీ ప్రేమగా చూసుకుంటోందన్న కారణంతో ఒక పనిమనిషిని మానిపించిందట. ఈ మూడు సంగతులూ హన్మకొండలో ఒక సమావేశం ముగిశాక, భోజనాల దగ్గర నా చెవిన పడ్డాయి. భోజనాల దగ్గర విన్నవాటికి నేను సాధారణంగా విలువ ఇవ్వను.

నేను హన్మకొండలోనే తాగునీటి పరీక్షల ప్రయోగశాలలో పనిచేస్తాను. "మా బోరు నీళ్లు అమృతం" అని ఎవరైనా అంటే సీసా పట్టుకొని రమ్మంటాను. నాది కండరాలు క్రమంగా బలహీనపడే జబ్బు. పెద్ద చదువు పూర్తయ్యేనాటికే చక్రాల కుర్చీలోకి వచ్చాను. పద్మక్క, బావ ఇంట్లో ఉంటున్నాను. నన్ను మంచం మీదినుంచి లేపేది, స్నానం చేయించేది, తల దువ్వేది అక్కే. ఈమధ్య బావకు ఆదిలాబాద్ బదిలీ అయింది. ఉద్యోగం మానేసి తమతో రమ్మంది అక్క. నాకు మానడం ఇష్టం లేదు. ఒక్కదానివే ఎలా ఉంటావని ఆమె అడిగినప్పుడల్లా నేను రేపల్లె సుగుణ పేరు చెప్పాను. చివరికి ఒక ఒప్పందం కుదిరింది.

"పోయి చూసొద్దాం. నిజమైతే నువ్వు ఈడనే ఉండు. ఉత్త ముచ్చటైతే మాతోని ఆదిలాబాద్ రావాలె. మళ్ల మాట మార్చొద్దు," అంది.

ఆ విధంగా ఇద్దరు పరిశీలకులు బయల్దేరారు, ఇద్దరికీ ఫలితం మీద ఆశ ఉంది. శాస్త్రరీత్యా అంతకంటే చెడ్డ ఏర్పాటు ఉండదు. నా విషయంలో మరో లోపం కూడా ఉంది. సుగుణ సంగతి విన్ననాటి నుంచి ఆమె పేరు చెబితే నాకు కడుపులో మంట. ఆమె కథ నిజం కావడం నా అవసరం. అబద్ధమైతే బాగుండునని నా మనసు.

తెనాలి

తెనాలి స్టేషన్ బయట టిఫిన్‌కు ఆగాం. ఇడ్లీ మీద కారప్పొడి చల్లి, ఆపైన నెయ్యి పోసి ఇస్తారు. ప్లేటు నలభై రూపాయలు. పక్కన అల్లం చట్నీ. అందులో బెల్లం తగులుతుంది. మా వైపు చట్నీలో బెల్లం వేస్తే ఎవరో పొరపాటు చేశారనుకుంటాం. మాట తీరులోనూ ఆ బెల్లం ఉంది. "రండి", "కూర్చోండి", "లేదండి", ఆఖరికి "గుద్దేస్తానండి" అని ఒక ఆటో అతను ఇంకో ఆటో అతనితో అనడం స్వయంగా విన్నాను.

"ఆవిడకేం తెమ్మంటారండి?" అని సర్వర్ అక్కను అడిగాడు.

"ఇడ్లీ తే. కారం తక్కువెయ్యమను," అంది అక్క.

నాకు పెసరట్టు తినాలని ఉంది. ఇడ్లీ మాత్రం చాలా బాగుంది.

మమ్మల్ని రేపల్లె సుగుణతో కలిపిన మనిషి తెనాలిలోనే ఉంటారు. పేరు జోసెఫ్ గారు. లూథరన్ చర్చి పక్క వీధిలో ఒక్క గది. మధ్యవయసులో చూపు పోయిన బడిపంతులు. వికలాంగులు కొందరు వారానికొకసారి ఆయన గదిలో కూడి తమ సంగతులు తాము చెప్పుకుంటారు. బ్యాంకులో ఎవరు ఏమన్నారు, బస్సు ఎక్కడ ఆపలేదు, ఇంట్లో ఎవరు ఏమిటో చెప్పకుండా చెక్కు మీద తమ వేలిముద్ర వేయించుకున్నారు, ఇలాంటివి. మేం వెళ్లేసరికి నలుగురైదుగురు ఉన్నారు. జోసెఫ్ గారు నా కుర్చీ చక్రాల చప్పుడు వైపు మొహం తిప్పారు.

"ఏమ్మా, ప్రయాణం బాగా జరిగిందా?"

"మంచిగనే జరిగింది సార్. దానికే జర నడుము నొప్పి," అంది అక్క.

ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. "ఏమ్మా, ప్రయాణం బాగా జరిగిందా?"

"చెప్పిన గద సార్, నడుము నొప్పి అని."

"ఏమ్మా, ప్రయాణం బాగా జరిగిందా?"

మూలనున్న ఒకామె కిసుక్కున నవ్వింది. అక్క నా చెవి దగ్గర వంగి, "ఈనకు వినబడది గూడ లేనట్టున్నది," అంది.

"వినపడుద్దండి. కనపడదంతే," అన్నారు జోసెఫ్ గారు. "తోడొచ్చినవాళ్లు చెప్పేది ఈ గదిలో లెక్కలోకి రాదండి. నొప్పి ఎవరిదైతే వాళ్ల నోటితోనే వింటాం."

"నడుము కాదండి. మెడ," అన్నాను.

అక్క నా వైపు వింతగా చూసింది. రాత్రంతా రైల్లో ఆమె నా నడుముకే మందు రాసింది. నేను వద్దనలేదు.

జోసెఫ్ గారు తన కూరగాయలు తానే కొనుక్కుంటారు. మొన్న ఎవరో పుచ్చు వంకాయలు అంటగడితే మర్నాడు వెళ్లి ఆ కొట్టువాణ్ణి నడిబజారులో తిట్టి వచ్చారట. మిగతావాళ్లు పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నన్ను ఎవరూ వంకాయల్లో మోసం చేయలేదు. ఆ అవకాశం ఏ కొట్టువాడికీ దొరకలేదు.

సుగుణ గారి గురించి అడిగాను. ఎవరి సాయమూ లేకుండా ఉంటారట, నిజమేనా?

"ఎవరన్నారండి ఆ మాట? ఆవిడకి ఇద్దరు మనుషులున్నారు. పొద్దునొకావిడ, సాయంత్రం ఇంకొకావిడ. వాళ్లు లేందే మంచం దిగలేదు."

"చూసినవా!" అంది అక్క. ఆమె కళ్లు మెరిశాయి. దాచడమెందుకు, నాకూ లోపల చిన్న పండగలా అనిపించింది. మొదటి వినికిడి అబద్ధమని తేలింది. సుగుణ ఒక అంగుళం కిందికి దిగింది.

"సాయం లేకపోవడం గొప్పేం కాదమ్మా," అన్నారు జోసెఫ్ గారు, మా పండగ పసిగట్టినట్టు. "ఆ సాయం ఎవరి మాట వింటుందనేదే చూడండి. ఆవిడ దగ్గర అది ఆవిడ మాట వింటుంది."

సుగుణ మళ్లీ ఒక అంగుళం పైకి వెళ్లింది.

బాపట్ల

బాపట్లలో మేం కలిసింది నాగేశ్వరరావును. ముప్పయి దాటని మనిషి. చీరాల దగ్గరి నేతపనివాళ్ల కుటుంబం. డాబా మీదినుంచి పడి వెన్నెముక విరిగింది. ఇంట్లోవాళ్లు మంచానికి దేవుడి పటం తగిలించి, పడుకోబెట్టి చూసుకుంటుంటే, ఏడాది చూసి, బాపట్లలో గది తీసుకున్నాడు. మంచం మీద చీరలు పరిచి ఫోన్‌లో చూపిస్తూ అమ్ముతాడు. మేం కూర్చున్న కాసేపట్లోనే ఫోన్‌లో ఒక గద్వాల ఊరి ఆవిడకు మంగళగిరి చీర అంటగట్టాడు. బేరం తెగలేదని ఆవిడ విసుక్కుంటే, "మీ ఇష్టమండి, నేనేం బతిమాలడం లేదు," అన్నాడు. అలా అనగలిగినందుకు నాకు ఒళ్లు మండింది.

ఆ రోజు అతను కొత్త సహాయకుణ్ణి ఎంచుకుంటున్నాడు. ఇద్దరు వచ్చారు. మొదటివాడు కర్లపాలెం నుంచి, కాస్త చదువుకున్నవాడు. నాగేశ్వరరావు పొయ్యి చూపించి, "టీ పెట్టు తమ్ముడూ. పంచదార వద్దు, ఉప్పు వెయ్యి," అన్నాడు.

"భలేవారండి," అని నవ్వి, అతను పంచదారే వేశాడు. టీ బాగా కుదిరింది. నాగేశ్వరరావు దాన్ని అతని చేతే తాగించి, బస్సు ఛార్జీ ఇచ్చి, "కబురు చేస్తాలే," అని పంపేశాడు. 

రెండోవాడు అడవులదీవి వాడు. పేరు వెంకటేశు. చేపల వేటకు పోయే ఇంట్లో పుట్టి, పడవెక్కితే వాంతులయ్యే దురదృష్టవంతుడు. 

"ఉప్పేనా అన్నా?"

"ఉప్పే."

"ఎంతెయ్యమంటారు?"

"నిండా ఒక చెంచా."

వేశాడు. నాగేశ్వరరావు మొహం చిట్లించుకుంటూ, ఒక్క చుక్క మిగల్చకుండా తాగి, "రేపట్నించి వచ్చెయ్," అన్నాడు.

"గిదేం పిచ్చి?" అంది అక్క.

"సుగుణక్క పెట్టిన పద్ధతండి. ఇక్కడ మనిషిని పెట్టుకునేవాళ్లమంతా ఇదే చేస్తాం. 'ఉప్పేనా' అని ఒక్కసారి అడగొచ్చు. మంచం దిగలేనోడికి తోడొచ్చిన చేతులు ఆ మాత్రం అడగాలి. రెండోసారి అడిగినా, తనకి తోచింది వేసినా వద్దు. వేయించుకున్నవాడు మాత్రం మొత్తం తాగాలండి, పారబొయ్యకూడదు."

నాకు ఇది పరీక్షగా నచ్చలేదు. ఆ మాటే చెప్పాను. చెప్పినట్టు చేసే గుణానికీ, మనిషిని గౌరవించే గుణానికీ తేడా ఉంది. ఈ టీ ఆ రెంటినీ విడదీయలేదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఇందులో తప్పినవాళ్లు పనిలో ఎలా ఉంటారో ఎప్పుడైనా చూశారా అని అడిగాను.

"ఫెయిలైనోళ్లని పనిలో ఎందుకు పెట్టుకుంటామండి?"

"మరి వాళ్లు పనికిరారని ఎలా తెలిసింది?"

"మేడమ్, మీరు సుగుణక్కతో గొడవ పెట్టుకోవడానికి వచ్చారాండి?"

అవునో కాదో అప్పటికి నాకే తెలియదు.

సూర్యలంక

రెండో వినికిడి తేల్చుకోవడానికి సముద్రం దగ్గరికి వెళ్లాం. నాగేశ్వరరావు సాక్ష్యం చెల్లదు. అతను ఆమె మనిషి. సంబంధం లేని సాక్షి కావాలి. రోడ్డు చివర చేపలు వేయించి అమ్మే ఒకామె ఉంది. ఆమె దగ్గరికి చేరేలోపే నా కుర్చీ ముందు చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. అక్క ముందుకు తోస్తే ఇంకా దిగాయి, వెనక్కి లాగితే నేను జారాను. ఆ చేపలామే పళ్లెం పక్కన పెట్టి వచ్చి, ఒక పట్టు పట్టి రోడ్డు మీదికి చేర్చింది.

సుగుణ గారి ఆనవాళ్లు చెప్పి అడిగాను.

"కుర్చీలో వచ్చినావిడేగా? ఎందుకు గుర్తులేదండీ! ఇద్దరు మగాళ్లు కుర్చీతో సహా మోసుకెళ్లి నీళ్లల్లో దింపారు. ఇంతలో ఒక అలొచ్చి మొహం మీద కొట్టింది. వాళ్లు హడలిపోయి పైకి లాగబోయారండి. ఆవిడ బూతులు లంకించుకుంది."

"బూతులా?"

"అవునండి. కాకపోతే నిదానంగా తిట్టిందండి. ఆ తిట్టు పూర్తయ్యేదాకా పాపం వాళ్లు అలల్లోనే నిలబడ్డారు."

రెండో వినికిడి నిజమని తేలింది. నేను రోడ్డు మీద కూర్చుని వేయించిన చేప తిన్నాను. ఎనభై రూపాయలు. వేడిగా, కారంగా, ఏ లోపమూ లేకుండా ఉంది. సరుగుడు చెట్ల సందులోంచి సముద్రం నీలం గీతలా కనిపిస్తోంది. 

"నువ్వు గూడ గట్ల పోతా అనకు. నీకు జలుబు చేస్తది," అంది అక్క, నేనేమీ అనకముందే.

ఆ గీతను సుగుణ మింగి, తుమ్మి, తిట్టి వచ్చింది. నాకు అంతవరకు తెలిసిన అసూయలన్నీ దానిముందు చిన్నవి.

చెరుకుపల్లి మీదుగా

బాపట్ల నుంచి రేపల్లెకు ఆటోలో వెళ్లాం. వరి కోసిన మళ్లలో మినుము పచ్చగా పరుచుకుని ఉంది. మా నేల ఎర్రగా, రాళ్లతో ఉంటుంది. ఇక్కడ నేలను చూస్తే వేలు గుచ్చినా మొలకెత్తేలా ఉంది. కాలవల్లో నీళ్లు చూసి నా చేతులు సీసా కోసం వెతుక్కున్నాయి.

ఆటో అతను అద్దంలో నన్ను చూసి, అక్కను అడిగాడు: "ఆవిడకి పుట్టుకతోనేనాండి?"

చెరుకుపల్లి వచ్చేదాకా అక్క నా జబ్బు చరిత్ర చెప్పింది. మొత్తం విన్నాను. రెండు తప్పులున్నాయి. దిద్దుదామనుకునేలోపు ఆటో వెనక కట్టిన నా కుర్చీకి పాదాలు ఆనించే పలక ఊడి రోడ్డు మీద ఎక్కడో పడిపోయింది. వెనక్కి వెళ్లి వెతికినా దొరకలేదు. చెరుకుపల్లిలో ఒక వడ్రంగి చెక్కముక్క కోసి, తాడుతో కట్టి ఇచ్చాడు. పాతదానికంటే గట్టిగా ఉంది. ఇప్పటికీ అదే వాడుతున్నాను.

రేపల్లె

సుగుణ గారి వాటా కింది అంతస్తులో ఉంది. గుమ్మం దగ్గర సిమెంటు వాలు. మేం వెళ్లేసరికి ఆమె ముందు గదిలో కుర్చీలో ఉన్నారు. పొద్దుటి సహాయకురాలు లక్ష్మి గడప దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. సుగుణ గారి చీర చెంగు జారి నేల మీద పడి ఉంది. లక్ష్మి చూసింది, లేవలేదు. అక్క ఉండబట్టలేక వెళ్లి, చెంగు తీసి భుజాన సర్దింది.

సుగుణ గారు ఆ చెంగు వంక చూసుకున్నారు. "లక్ష్మీ... కింద... పడెయ్."

లక్ష్మి లేచి వచ్చి, చెంగు కిందపడేసి, మళ్లీ వెళ్లి బియ్యం ముందు కూర్చుంది.

అక్క మొహం ఎర్రబడింది. నా సంగతి వేరు. ఆ క్షణంలో సుగుణ గారి కాళ్లు పట్టుకోవాలనీ, ఆమెను కుర్చీలోంచి తోసేయాలనీ రెండూ ఒకేసారి అనిపించాయి.

ఆమెతో మాట్లాడటానికి ఒక పద్ధతి ఉంది. అది తెలియక మొదట చాలా కాలం వృథా చేశాం. ఆమె వాక్యాన్ని మధ్యలో ఎవరైనా అందుకుని పూర్తిచేస్తే, ఆమె మళ్లీ మొదటి మాట నుంచి మొదలుపెడతారు. పూర్తిచేసినవాళ్లు సరిగ్గానే పూర్తిచేసినా సరే. పనిమనిషిని మానిపించిన సంగతి అడిగితే, "నాకు... ఆకలి..." అన్నారు.

"అన్నం పెట్టకపోతుండెనా?" అంది అక్క.

"నాకు... ఆకలి..."

"సరిగ పెట్టలేదంటుంది," అంది అక్క నాతో.

"నాకు... ఆకలి..."

లక్ష్మి బియ్యంలోంచి తల ఎత్తకుండానే, "ఊరుకోండమ్మా, చీకటి పడుద్ది," అంది.

ఊరుకున్నాం. "నాకు... ఆకలి... వెయ్యకముందే... పెట్టేది. ఆకలంటే... ఎలా ఉంటుందో... మర్చిపోయా."

ఆ మనిషి కూడా ఉప్పు టీ పరీక్షలో నెగ్గిన మనిషేనట. నేను లోలోపల సంతోషించాను. పరీక్ష నెగ్గినవాళ్లు కూడా పనికిరాకుండా పోవచ్చునని రుజువు దొరికింది.

ఇంతలో గుమ్మంలోంచి కేక వినిపించింది. పక్కింటి రమణమ్మ గారు. చీర కుచ్చిళ్లు దోపుకుని యుద్ధానికి సిద్ధంగా వచ్చారు.

"ఏంటి సుగుణా, నీ వాలు మీద మా ఆయన బండి మళ్లీ జారింది! ఈ సిమెంటు దిబ్బ తీయించమని ఎన్నిసార్లు చెప్పాలి?"

"మీ ఆయన్ని..." అన్నారు సుగుణ గారు.

రమణమ్మ గారు నడుం మీద చేతులు పెట్టుకుని ఆగారు.

"...బండి... ఎక్కడం... ముందు..."

రమణమ్మ గారు ఇంకా ఆగారు. కోపంతో ముక్కుపుటాలు అదురుతున్నాయి. ఒక్క మాట కూడా అందుకోలేదు.

"...నేర్చుకోమను."

"ఏంటీ! నా మొగుడికి బండి రాదంటావా?" అని అప్పుడు పేలారు.

చాలాసేపు సాగిందా గొడవ. పాత నీళ్ల గొడవలు, ఎండుచేపల వాసన గొడవలు అన్నీ బయటికొచ్చాయి. చూస్తూ కూర్చున్న నాకు సముద్రం కంటే ఇది ఎక్కువ బాధ కలిగించింది. మా వీధిలో అందరూ నాతో మంచిగా ఉంటారు. నన్ను చూస్తే గొంతు తగ్గిస్తారు. నాకు ఈ వయసుకు ఒక్క శత్రువు కూడా లేదు.

గొడవయ్యాక రమణమ్మ గారిని వాకిట్లో పట్టుకున్నాను. సుగుణ గారి మీద ప్రేమ లేని సాక్షి ఇంతకంటే ఎక్కడ దొరుకుతుంది? మానిపించిన పనిమనిషి సంగతి అడిగాను.

"నిజమేనండి. పాపం, ఏడ్చుకుంటూ పోయింది. ఇప్పుడు మా ఇంట్లోనే చేస్తుంది. నాకు హాయిగా ఉంది! ఆకలి కాకముందే పెట్టుద్ది."

"ఎప్పుడైనా ఇబ్బంది పడ్డారా సుగుణ గారు?"

ఆమె గొంతు తగ్గించారు. "ఒకరోజు లక్ష్మికి జ్వరమొచ్చి రాలేదండి. మధ్యాహ్నం దాకా మంచం మీదే ఉంది. కిటికీలోంచి చూసి, లోపలికొచ్చేదా అనడిగా. వద్దంది. మంచినీళ్లన్నా పట్టేదా అంటే, లక్ష్మి చెల్లెలు వస్తుంది, ఫోన్ చేశా అంది. ఆ పిల్ల వచ్చేసరికి పెదాలు ఎండిపోయున్నాయండి. మొండిఘటం. నాకు ఆ రోజంతా అన్నం సయించలేదు, తెలుసా?"

ఈ సాక్ష్యాన్ని నేను అక్కకు చెప్పకుండా ఉండవచ్చు. చెప్పాను. నాకు అనుకూలమైన ఫలితాలే చెప్పడం నాకు చేతకాదు.

మధ్యాహ్నం భోజనంలో రొయ్యల ఇగురు, దోసకాయ పప్పు. ప్రతి దినుసూ సుగుణ గారు చెబితే లక్ష్మి వేసింది. ఇగురులో ఉప్పు తక్కువైంది. "నేనే... తక్కువ... చెప్పా," అన్నారామె, పతకం చూపించినట్టు.

తరవాత ఆమె అక్క వైపు తిరిగారు. "పద్మగారూ... మీరు... టీ పెట్టండి. నాకు... ఉప్పుతో."

అక్కకు బాపట్ల సంగతంతా గుర్తుంది. అయినా లేచింది. పొయ్యి వెలిగించింది. టీ మరిగాక పంచదార డబ్బా తీసి, రెండు చెంచాలు వేసి, తెచ్చి సుగుణ గారి ముందు పెట్టింది.

"ఎర్కుండే ఏసిన. ఉప్పు అడిగితే ఉప్పేసేది జీతానికొచ్చినామె. నేనెయ్య. కడుపుల తిప్పుతదని ఎర్కుండి ఎట్లేస్తరు? ఇరవై ఏండ్ల సంది దీనికి ఏది పడదో అది నోట్లకు పోకుంట చూసుకున్న. నాకు రాదు గా పని."

సుగుణ గారు చాలాసేపు తీసుకున్నారు. ఈసారి మేమెవరం అందుకోలేదు.

"అందుకే... అక్కని... ఎవరూ... పనిలో... పెట్టుకోరు. అక్కలాగే... ఉంచుకోవాలి. పండక్కి... పిలవాలి."

అక్క కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడ్చిందో నవ్విందో నిర్ధారణగా చెప్పలేను. భుజాలు మాత్రం కదిలాయి.

తిరుగు ప్రయాణం

రేపల్లె నుంచి తెనాలికి ప్యాసింజరు రైలు. భట్టిప్రోలులో కూలిపని ముగించుకున్న ఆడవాళ్లు గంపలతో ఎక్కి, నా కుర్చీకి చోటిచ్చి, జామకాయలు పెట్టారు. అక్క కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. మూడు వినికిళ్లలో రెండు నిజం, ఒకటి అబద్ధం. ఆ అబద్ధమైనదే మా ఒప్పందానికి ఆధారం: ఒక్కతే, ఎవరి సాయమూ లేకుండా. మాట ప్రకారం నేను ఓడిపోయానని అక్క అనవచ్చు. ఆ మధ్యాహ్నపు ఎండిన పెదాలను కూడా గుర్తుచేయవచ్చు. ఎప్పుడంటుందా అని దారి పొడుగునా ఎదురుచూశాను.

వరంగల్‌లో దిగాక, ర్యాంపు దగ్గరికి కుర్చీ తోయడానికి ఒక కూలీ వచ్చాడు. అలవాటు ప్రకారం అక్కను అడిగాడు: "అమ్మా, ఈమెను ఎటు తీస్కపోవాలె?"

అక్క నోరు తెరిచింది. మళ్లీ మూసింది. గోడ మీది రైళ్ల వేళల పట్టిక వైపు తిరిగి, అందులో ఏదో వెతుకుతున్నట్టు నిలబడింది. కూలీ మళ్లీ అడిగాడు. ఆమె కదలలేదు. అతను కాసేపు ఆమె వీపు వైపు చూసి, ఇక గత్యంతరం లేక నా మొహంలోకి చూశాడు.

"హన్మకొండ ఆటోల దగ్గరికి," అన్నాను.

ఇంకా తేలనిది

ఒప్పందం మాట ఎత్తకుండానే అక్కావాళ్లు ఆదిలాబాద్ వెళ్లారు, నేను హన్మకొండలోనే ఉండిపోయాను. అక్క పొద్దున్నే నడకకు వెళుతోందట, అక్కడెవరో స్నేహితురాలు కూడా దొరికిందట. ఆ స్నేహితురాలి పేరు వింటే నాకు మళ్లీ పాత మంట.

నా దగ్గర ఇప్పుడు ఇద్దరు పనిచేస్తున్నారు. పొద్దుటామె స్వరూప. "ఉప్పేనా?" అని ఒక్కసారి అడిగి, వేసింది. తాగాను. శాస్త్రీయంగా వర్ణించాలంటే, అసహ్యంగా ఉంది. సాయంత్రానికి వచ్చినామె రాజమ్మ. ఉప్పు వేయమనగానే చెంచా కింద పెట్టేసింది.

"నేనెయ్య బిడ్డా. మంచి టీ ఖరాబు చేసుడు నాతోని కాదు." అని, ఉప్పు డబ్బా మూత తీసి, నా వేళ్లకు అందేలా ఒళ్లో పెట్టింది. "నీకు కావాల్నంటె నువ్వే ఏస్కో."

చాలాసేపు పట్టింది. సగం చీర మీద ఒలికింది. చూస్తూ నిలబడింది కానీ చెయ్యి పెట్టలేదు. ఆమెను పనిలో పెట్టుకున్నాను.

ఉప్పు వేయనన్నవాళ్లు మంచి సహాయకులు కాగలరా అన్న ప్రశ్నకు మాత్రం జవాబు దొరకలేదు. తెనాలి నుంచి రేపల్లె దాకా అలాంటివాళ్లను ఎవరూ పనిలో పెట్టుకోలేదు కాబట్టి అక్కడ ఆధారం లేదు. నేను ఒకరిని పెట్టుకున్నాను కాబట్టి ఇక్కడైనా తేలాలి. తేలడం లేదు. ఎందుకంటే, రాజమ్మ ఆ పరీక్షలో తప్పిందో నెగ్గిందో నేనింకా నిర్ణయించలేకపోతున్నాను: ఆమె ఉప్పు వేయలేదు, నేను మాత్రం ఉప్పు టీయే తాగాను.